చెమట కారితే కొవ్వు కరిగినట్టేనా?

"40 డిగ్రీల గదిలో గంటన్నర యోగా చేస్తే వెయ్యి కేలరీలు కరుగుతాయి, ఒంట్లో విషాలన్నీ చెమటలో పోతాయి, వేడికి ఒళ్ళు వదులవుతుంది కాబట్టి దెబ్బ తగలదు." ఈ మెసేజ్ నాకే నాలుగుసార్లు వచ్చింది. వేడికి కండరాలు వదులవుతాయన్న ముక్క మాత్రం నిజం.

ముందు ఆ వెయ్యి కేలరీల సంగతి. వేడి గదిలో 26 ఆసనాలు వేయించే బిక్రమ్ యోగాను అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో కొలిచి చూశారు. 90 నిమిషాలకు సగటున ఆడవాళ్ళకు 330, మగవాళ్ళకు 460 కేలరీలు. అంతసేపు చురుగ్గా నడిచినా దాదాపు అంతే. మరి గుండె అంతలా కొట్టుకుంటుందేం? ఒంటిని చల్లబరచడానికి రక్తాన్ని చర్మం దాకా తోడాలి కాబట్టి. అది కొవ్వు కరగడం కాదు. క్లాసు అయ్యాక కాటా మీద కిలో తగ్గిందని మురిసిపోతారు. ఆ కిలో తడిసిన తువ్వాల్లో ఉంది, నీళ్ళు తాగగానే తిరిగొస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీలు ఖర్చు కావాలి.

విషాల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చెమటలో 99 శాతం నీళ్ళే, మిగతాది ప్రధానంగా ఉప్పు. వ్యర్థాల పని చూసుకునేది కాలేయం, కిడ్నీలు.

అసలు తంటా మూడో మాటతో. కండరం సాగుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ అలా కాదు, అతిగా సాగితే వదులుగానే ఉండిపోవచ్చు. మామూలు గదిలో ముందుకు వంగితే తొడ వెనక పట్టేసి "ఇక చాలు" అంటుంది. వేడిలో ఆ మాట ఆలస్యంగా వినిపిస్తుంది. ఇంకో రెండంగుళాలు వంగిపోతాం, పక్కవాళ్ళు చూస్తున్నారంటే మూడు! మర్నాడు కుర్చీలో కూర్చోగానే పిరుదు కింద, కండరం ఎముకకు అతుక్కునే చోట, సలుపు మొదలవుతుంది.

ఇంకోటి, చెమట చల్లబరచేది ఆవిరైనప్పుడే. గాలిలో తేమ ఎక్కువైతే అది ఉత్తినే కారిపోతుంది, లోపలి వేడి లోపలే ఉంటుంది. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఆ గదిలోకి వెళ్ళకూడదు. తల తిరిగినా, వికారంగా ఉన్నా ఎవరైనా సరే వెంటనే బయటికి రావాలి, "ఓర్చుకో, అలవాటైపోతుంది" అని టీచర్ ఎంత చెప్పినా.