చదువుల షేరు కొనేముందు బకాయిల పద్దు

2025 నవంబర్‌లో కోచింగ్ సంస్థ ఫిజిక్స్‌వాలా స్టాక్ మార్కెట్లో నమోదు కావడంతో చదువుల వ్యాపారంలో వాటా కొనే అవకాశం చిన్న మదుపరులకు మరొకటి దొరికింది. పిల్లల చదువుకు తల్లిదండ్రులు ఎప్పుడూ వెనకాడరు కాబట్టి ఈ రంగానికి గిరాకీ తగ్గదన్న వాదన నిజమే కావచ్చు. గిరాకీ ఉన్నంత మాత్రాన డబ్బు చేతికొస్తుందని చెప్పలేమనడానికి ఎడ్యుకాంప్ సొల్యూషన్స్ ఉదంతం చాలు.

125 రూపాయల చొప్పున షేర్లు జారీచేసి 2006 జనవరిలో స్టాక్ మార్కెట్లో నమోదైన ఆ సంస్థ, తరగతి గదుల్లో డిజిటల్ పాఠాలు అమర్చే ‘స్మార్ట్‌క్లాస్’ వ్యాపారం ఊపులో, రెండేళ్లకే షేరు ధర వేలల్లో పలికే స్థాయికి చేరింది. పరికరాల ఖర్చు ముందే పెట్టాలి; పాఠశాలలు చెల్లించేది ఏళ్ల తరబడి వాయిదాల్లో. ఆ వాయిదాలను చూపి ఎడ్యుస్మార్ట్ అనే మరో సంస్థ బ్యాంకుల వద్ద అప్పు తెచ్చి ఎడ్యుకాంప్‌కు సొమ్ము ముట్టజెప్పేది, ఆ అప్పుకు హామీదారు మళ్లీ ఎడ్యుకాంపే. పుస్తకాల్లో అమ్మకం ముగిసినా, పాఠశాలలు కట్టకపోతే వచ్చే నష్టం తిరిగి ఆ సంస్థ నెత్తినే పడుతుందన్నమాట. లాభనష్టాల పట్టికలో కనిపించని ఈ ముడి, వార్షిక నివేదికలో హామీల వివరాలిచ్చే అనుబంధ పుటల్లో ఉంటుంది. మదుపరులు చదవనివీ ఆ పుటలే. 2017లో ఎడ్యుకాంప్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

పాఠశాలలు, కళాశాలలతో ముడిపడిన కంపెనీల విషయంలో చిక్కు మరొకటి. ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య వ్యాజ్యంలో 1993లో సుప్రీంకోర్టు విధించిన ఫీజుల చట్రాన్ని అదే కోర్టు 2002లో ఇచ్చిన టీఎంఏ పాయ్ తీర్పు కొట్టివేసి, సంస్థ అభివృద్ధికి సహేతుకమైన మిగులును అనుమతించిందే తప్ప లాభార్జనను కాదు. అందుకే విద్యాసంస్థ సాధారణంగా ట్రస్టు పేరిట ఉంటుంది, కంపెనీ దానికి భవనాలో, పాఠ్యసామగ్రో, నిర్వహణ సేవలో అమ్ముకుంటుంది. ఆ ట్రస్టు ఎవరి చేతుల్లో ఉంది, కంపెనీకి ఎంత బాకీపడింది అన్నది తేలకుండా లాభాన్ని నమ్మడం తొందరపాటని మా అభిప్రాయం.

కోచింగ్ సంస్థలకు ఫీజు ముందే అందుతుంది కాబట్టి బకాయిల బెడద తక్కువ. అయితే చెప్పని పాఠాలకు తీసుకున్న సొమ్ము ఇంకా రాబడి కాదు, బాధ్యతే. మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలపు ఫీజును పది రోజుల్లో వాపసు ఇవ్వాలని, పదహారేళ్లలోపు వారిని చేర్చుకోరాదని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. వాటిని రాష్ట్రాలు గట్టిగా అమలుచేస్తే ఏటా నిలిచే విద్యార్థులెందరో, ఒక్కొక్కరిని చేర్చుకోవడానికి ప్రకటనల ఖర్చెంతో షేరు ధర కట్టేవారు ముందే లెక్కవేసుకోవాలి.