మా పూల్ గట్టున వెలసిన ల్యాండ్‌స్కేపింగ్ గారికి

మహారాజశ్రీ ల్యాండ్‌స్కేపింగ్ గారికి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, దాని కోసమే మా బోరు పగలూ రాత్రీ తిరుగుతోంది.

శంకరపల్లి దాటాక ఇల్లు కట్టుకుని, పిల్లలు ఈత కొడతారు కదా అని 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పున పూల్ తవ్వించాను. సగటు లోతు నాలుగున్నర అడుగులు. నిండడానికి 57 వేల లీటర్లు పట్టింది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 12 పిలిస్తే, ఆఖరిదాంట్లో మిగిలిన నీళ్లు మీ గడ్డికి పోశాం. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

మిమ్మల్ని తెచ్చిన డిజైనర్ ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, "బాలి ఫీల్ వస్తుంది సార్" అన్నాడు. మా ఊళ్లో ఏప్రిల్‌లో వచ్చే ఫీల్ వడగాడ్పు ఒక్కటే. అయినా తలూపాను. వారం తిరక్కుండా కడియం నుంచి లారీలో మీ పరివారం దిగింది. ఫాక్స్‌టెయిల్ పామ్‌లు, దేవగన్నేర్లు, కాగితం పూల తీగలు, పక్కింటి మేడకి మేం కనబడకుండా ఎరికా పామ్‌ల వరస. వాటి వెనకాలే పెళ్లింటి తివాచీల్లా చుట్టి తెచ్చిన మెక్సికన్ గడ్డి. గడ్డి చివర ఒక బుద్ధుడి తల. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు, మా బిల్లులు చూడలేక కాబోలు.

గట్టు చుట్టూ కడప నల్లబండ పరిపించారు. నల్లబండ పక్కన నీళ్లు ఇంకా నీలంగా కనబడతాయట. ఏప్రిల్ మధ్యాహ్నం మా పెద్దాడు వట్టి కాళ్లతో షవర్ దగ్గర్నుంచి పూల్ దాకా వెళ్తుంటే, నిప్పుల గుండం తొక్కుతున్నాడనుకుని వాచ్‌మన్ దండం పెట్టబోయాడు. తాండూరు మాకు ఎంతో దూరం లేదు. అక్కడి లేతరంగు బండని గరుకుగా చెక్కించి వేస్తే కాలు ఇంతలా కాలేది కాదు, తడిస్తే జారేదీ కాదు. కానీ తాండూరు బండ మా మాలి ఇంట్లోనూ ఉంది కదండీ. అందుకే డిజైనర్‌కి ఆనలేదు.

ఫోటోలో నీళ్ల మీద దేవగన్నేరు పూలు మూడంటే మూడే తేలుతున్నాయి. మా ఇంట్లో పొద్దున్నే వల పట్టుకుంటే బకెట్ నిండుతుంది. చలికాలం వచ్చేసరికి పూలు పోయి ఆకులు మొదలు. కాగితం పూలు గాలికి ఎగిరొచ్చి ఫిల్టర్ బుట్టలో కూర్చుంటే మోటారు మూలుగుతుంది. వేపచెట్టుని మాత్రం ఏమీ అనను, అది మీకంటే ముందునుంచీ ఉన్నది. పోయిన ఉగాదికి పచ్చడిలోకి పువ్వు మా చిన్నాడు చెట్టెక్కకుండా పూల్ వలలోంచే తెచ్చాడట. తిన్నాక చెప్పాడు. ఆరు రుచుల తర్వాత నాలిక మీద ఆడిన ఏడోది క్లోరిన్ అని అప్పుడు అర్థమైంది.

పోయిన జూన్ సంగతి మీకు గుర్తుందో లేదో. గడ్డిని ఎత్తుగా పెట్టి, వాలుని పూల్ వైపుకి ఇచ్చారు. చూడటానికి బాగుంటుందన్నారు. మాలి యూరియా చల్లిన మర్నాడే తొలకరి పడింది. ఎర్రమట్టీ యూరియా కలిసి నేరుగా పూల్‌లోకి దిగాయి. మొదటి రోజు నీళ్లు టీ రంగు. నాలుగో రోజుకి పాచి పట్టి అచ్చం మీ రంగే. గడ్డి ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. డిజైనర్ చెప్పిన 'సీమ్‌లెస్ లుక్' ఇదే కాబోలు.

రాత్రయితే మీ పాదాల దగ్గర లైట్లు. ఆ లైట్లకి ఉసిళ్లు, ఉసిళ్ల కోసం కప్పలు, కప్పల కోసం... దాని పేరు రాత్రిపూట ఎత్తకూడదంటుంది అమ్మ, 'పురుగు' అనాలట. పురుగు వచ్చింది. అప్పట్నుంచి పిల్లలు చీకటి పడ్డాక అటు వెళ్లడం లేదు. పగలు బండ, రాత్రి పురుగు. ఇక ఈదేది ఎప్పుడండీ?

1908లో మూసీ ముంచేశాక, వరద ఆపడానికీ ఊరికి తాగునీళ్లకీ కట్టి 1920లో పూర్తి చేసిన గండిపేట చెరువు మా దారిలోనే తగులుతుంది. అటు వెళ్లినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకుంటున్నాను. మే నెలలో మా పూల్ నుంచి రోజుకి సుమారు 300 లీటర్లు ఆవిరైపోతాయి, అది ఎండ తప్పు. మీ 2 వేల చదరపు అడుగుల గడ్డి దానికి మూడింతలు తాగుతుంది. ఇది ఎవరి తప్పో రాయను, ఉత్తరం కింద సంతకం నాదే.

మీవల్ల బాగుపడ్డది మా అమ్మ ఒక్కతే. మొన్న నల్లబండ మీద పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. మేడ మీదయితే రెండ్రోజులు పట్టేవి సాయంత్రానికే గలగలలాడాయి. ఎరికాల సందులోంచి చూసిన పక్కింటి పిన్నిగారు తమవీ నాలుగు పంచెలు పెట్టుకోవచ్చా అని అడిగారు. గురువారం ఊరమిరపకాయలట. పూల్ నిచ్చెన వైపు బండలన్నీ అమ్మ ముందే చెప్పి ఉంచుకుంది. దయచేసి ఆ రోజు పూలు కాస్త తక్కువ రాల్చగలరు.

ఇట్లు,
మీ పోషకుడు