షాక్ వద్దని యంత్రం చెబితే?

విశాఖ ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో ఎవరైనా మునిగినప్పుడల్లా ఒకటే డిమాండ్: ఒడ్డున ఏఈడీ, అంటే లయ తప్పిన గుండెకు కరెంటు షాక్ ఇచ్చి సరిచేసే యంత్రం పెట్టాలి. పెట్టండి, నేనేమీ కాదనను. బీచ్ రోడ్డులో వాకింగ్‌కొచ్చి గుండె ఆగి కూలిపోయినవాళ్లకు అది ప్రాణదాతే. సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదడం) కూడా అందకపోతే షాక్ ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. కానీ సముద్రం నుంచి తీసిన మనిషికి ప్యాడ్లు పెడితే ఆ యంత్రం చాలాసార్లు ‘షాక్ అవసరం లేదు’ అంటుంది. ఎందుకంటే ఆ గుండె ఎక్కువగా లయ తప్పి కాదు, ఆక్సిజన్ అందక ఆగింది. ఇక దిక్కు సీపీఆర్ చేసే మనుషులే.

అదీ ఒక్క మనిషితో అయ్యే పని కాదు. పొడి ఇసుక మీద నొక్కితే ఛాతీతోపాటు ఇసుకా దిగబడుతుంది కాబట్టి ముందు గట్టి చోటికి లాగాలి. మునిగినవాళ్లకు మొదట ఊపిరి ఊదాలి. ఆ తర్వాత నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు. ఎంత కండలున్న కుర్రాడికైనా రెండు నిమిషాలకు లోతు తగ్గిపోతుంది, ఆ సంగతి అతనికే తెలీదు. ఒడ్డున వల లాగే జాలర్లలా తాడు వదలకుండా చేయి మారాలి. ఈలోగా ఇంకొకరు తడి ఛాతీ తుడిచి ప్యాడ్లు అంటించాలి, నొక్కుడు మాత్రం ఆగకూడదు. షాక్ పడ్డాక నాడి కోసం వెతకడం కాదు, వెంటనే మళ్లీ నొక్కాలి. ఇవన్నీ చూసుకుంటూ ‘ఇప్పుడు నువ్వు’ అని అరిచే లీడర్ ఒకడు ఉండాలి.

ఇన్ని నియమాలు పెడితే మామూలు జనం భయపడి చేయే వెయ్యరంటారు. నిజమే, దారినపోయేవాళ్లు తెలిసినంత చేస్తే చాలు. నేనడుగుతున్నది జీతం తీసుకునే రెస్క్యూ టీమ్ గురించి.

మనకు వస్తువు కొనడం మీదున్న మోజు దాన్ని వాడటం నేర్చుకోవడం మీద ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర వెంకటాపురంలో స్టైరిన్ విషవాయువు లీకైనప్పుడు ఎల్జీ పాలిమర్స్‌లో సైరన్ లేక కాదు, ఉండీ మోగలేదు. ప్రమాదంపై ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ మాటే రాసింది. ఫ్యాక్టరీల మాక్ డ్రిల్ అంటే ఇప్పటికీ ఫొటోలు, టీ, సమోసా.

అందుకే ఏఈడీకి రిబ్బన్ కట్ చేసే నాయకులకు ఒక విన్నపం. ఆదివారం సాయంత్రం రుషికొండలో జనం చూస్తుండగా లైఫ్‌గార్డులతో డ్రిల్ చేయించండి. ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని, ఛాతీ మీద చేతులు ఎన్నిసార్లు ఆగాయో, ఆగిన ప్రతిసారీ పది సెకన్లు దాటిందో లేదో రాయాలి. ఆ కాగితాన్ని లైఫ్‌గార్డుల టవర్‌కే అంటించండి.