మా ఊరి వాన పుస్తకంలో లేదు

తొమ్మిదో తరగతి క్వార్టర్లీ పరీక్షలో ఖరీఫ్‌కీ రబీకీ తేడాలు రాయమన్నారు. పుస్తకంలో ఉన్నదంతా రాసి, చివర్లో ఒక వాక్యం సొంతంగా కలిపాను: ‘మా ఊళ్లో మాత్రం జూన్‌లో నార్లు పోయరు, దసరా దాటాక పోస్తారు.’ పేపర్లు ఇచ్చిన రోజు చూసుకుంటే ఆ వాక్యం కింద ఎర్ర ఇంకు గీత, పక్కన ఒకే మాట. ‘ఎందుకు?’ దానికి మార్కు కోయలేదు, వేయనూ లేదు.

మాది నెల్లూరు జిల్లాలో పెన్నా కాలువ కింద ఊరు. బడి జిల్లా పరిషత్ హైస్కూలు. మా సోషల్ సారు నన్ను మెచ్చుకున్నట్టు ఒక్కసారి కూడా గుర్తులేదు. క్లాసయ్యాక వెళ్లి “ఎందుకు సార్?” అని తిరిగి ఆయన్నే అడిగితే, “పొలం మీదా నాదా? ఇంట్లో అడుగుపో” అన్నారు.

ఇంట్లో జేజిని, అంటే నాయనమ్మని, అడిగాను. “జూన్‌లో మనకి వానెప్పుడు పడిందిరా అబ్బయా? స్వాతి కార్తెకి తూరుపు గాలి తిరగాల. అప్పుడే మనకి” అంది. మర్నాడు సారు ఆ మాట నా చేతే క్లాసులో చెప్పించి, బోర్డు మీద దేశం బొమ్మ గీశారు. నైరుతి గాలులు పడమటి కనుమలెక్కి అక్కడే కురిసేసి, మన దాకా వచ్చేసరికి వట్టిపోతాయి. అక్టోబరులో గాలి దిశ మారుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి బంగాళాఖాతం మీద తడిసి మన తీరాన కురుస్తుంది. నెల్లూరుకి ఏడాది వానలో సగానికి పైగా పడేది అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే. తుఫాన్లూ అప్పుడే. 1984 నవంబరు తుఫాను శ్రీహరికోట దగ్గర తీరం దాటినా, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయినా అదే లెక్క. కార్తె పేరుతో జేజి చెప్పిన దాన్నే సారు బాణం గుర్తులతో చెప్పారు. రెండూ ఒకటేనని తెలిసిన ఆ గంటలో సోషల్ నాకు ఇష్టమైన సబ్జెక్టు అయిపోయింది. (మేం రెండో పంటని ఎడగారు అంటాం. ఆ మాట నేను చదివిన సోషల్ పుస్తకాల్లో ఎక్కడా కనబడలేదు.)

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పిల్లల్ని ప్రోత్సహించడం అనగానే మనకి గుర్తొచ్చేది శాలువా, షీల్డు, వాట్సాప్ స్టేటస్‌లో మార్కుల లిస్టు. ఇవన్నీ ఫలితం వచ్చాక జరిగేవి. ఫలితానికి రెండేళ్ల ముందు ఒకరు పట్టించుకుని ఉండాలి, ఆ మనిషికి ఏదో ఒకటి ఖర్చయి ఉండాలి. మా సారుకి ఖర్చయింది సాయంత్రాలు. కోసిన నీళ్ల బాటిల్‌కి స్కేలు కట్టి, డాబా మీద పెట్టి వాన కొలవమన్నారు. రోజూ పొద్దున్నే చూసి నోటుబుక్కులో రాసి చూపించాలి. కార్తీక మాసంలో ఒకరోజు బాటిల్ నిండి పొర్లింది. ఎంత రాయాలో తెలియక ‘చాలా’ అని రాశాను. సారు ఆ ‘చాలా’ని కొట్టేసి, “చాలా అనేది కొలత కాదురా, రేపటి నుంచి పెద్ద బాటిల్ పెట్టు” అన్నారు.

పక్క జిల్లాకి పేరైన ప్రకాశం పంతులు సంగతి చూడండి. 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఆ అల్లరి పిల్లవాడిలో ఏం చూశాడో గానీ, ఇమ్మనేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు రాజమండ్రికి మారుతూ అతన్నీ వెంటబెట్టుకుని వెళ్లి చదివించాడు. ప్రకాశం బారిస్టరయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. జిల్లాకి ఆయన పేరు పెట్టుకున్నాం, మంచిదే. పూటకూళ్లమ్మ కొడుకుని వెంటబెట్టుకెళ్లిన మాస్టారి పేరు ఒంగోలు బడుల్లో ఎంతమంది పిల్లలు చెప్పగలరో మరి.

పదో తరగతి అయ్యాక జరిగేది వేరే కథ. ఆరొందల మార్కుల్లో సోషల్‌కీ వందే, లెక్కలకీ వందే. కానీ ఇంట్లో లెక్కల్లో తొంభై అయిదు వస్తే తెలివి, సోషల్‌లో వస్తే బట్టీ. నాకు సోషల్‌లో తొంభై దాటాయి, లెక్కల్లో డెబ్బై చిల్లర. ఎంపీసీలో చేర్పించారు. మా నాన్నని తప్పు పట్టను. నాలుగెకరాలూ కాలువ నీళ్ల మీద ఆధారపడ్డ మనిషికి కొడుకు ఇంజనీరింగ్ సీటు ఒక భద్రత. ఆ దారిలో ముందు ఏ మెట్టుందో కనబడుతుంది. భూగోళం చదివితే తర్వాత ఏమిటో చెప్పగలిగిన మనిషి మా ఊళ్లో లేడు. ఆ సబ్జెక్టు ఉన్న గ్రూపు మా చుట్టుపక్కల జూనియర్ కాలేజీల్లో నేనెక్కడా చూడలేదు కూడా.

నెల్లూరులో నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీకి పెన్నా రెండు కిలోమీటర్లు ఉంటుందేమో. రెండేళ్లూ ఒక్కసారి చూడలేదు. గోడల మీద ర్యాంకుల ఫ్లెక్సీలే, ఒక్క మ్యాప్ లేదు. పడితే వాన, తుఫాను వస్తే సెలవు. అంతకు మించి ఆలోచించే తీరిక గానీ, అడిగేవాళ్లు గానీ లేరు.

నవ్వొచ్చే సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. పదిహేనేళ్లకి ‘దీంతో ఏం చేస్తావు’ అని వదిలించిన సబ్జెక్టుని ఇరవై అయిదేళ్లకి డబ్బు కట్టి కొనుక్కుంటాం. గ్రూప్స్, డీఎస్సీ, 2019లో వచ్చిన సచివాలయం పోస్టులు, ఏ సర్కారు ఉద్యోగ పరీక్ష చూసినా సిలబస్‌లో మన నదులు, వానలు, నేలలే. బీటెక్ చేసి కోచింగ్ సెంటర్లో కూర్చున్నవాళ్లం, ‘ఈశాన్య రుతుపవనాల వల్ల అధిక వర్షపాతం పొందే జిల్లా’ అని చెబుతుంటే రాసుకున్నాం. నా పక్కన కూర్చున్నది కావలి కుర్రాడు. ప్రతి నవంబరూ మోకాళ్ల లోతు నీళ్లలో బడికెళ్లినవాడు. వాడూ దాన్ని అండర్‌లైన్ చేసుకుంటున్నాడు.

ఇప్పుడు బడుల్లో ప్రాజెక్టు వర్కుకి మార్కులున్నాయి. కాగితం మీద మంచి ఆలోచన. ఆచరణలో చాలాచోట్ల స్టేషనరీ షాపులో చార్టు, ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు, స్కెచ్ పెన్నుతో బోర్డరు. బాటిల్‌కి స్కేలు కట్టమంటే పైసా ఖర్చు లేదు, కానీ టీచర్ రోజూ అరవై నోటుబుక్కులు చూడాలి. యాప్‌లో ఫోటోలు ఎక్కించడానికే సరిపోయే రోజులో ఆ పని ఎప్పుడు చేస్తారన్నది నిజమైన ప్రశ్న. మా సారు కాలంలో ఆయన చేతిలో ఫోన్ లేదు, అదొక్కటి మాత్రం నా అదృష్టం.

మొన్న మే నెలలో కనిగిరి వైపు బంధువులింటికి వెళ్లాను. వాళ్లమ్మాయి అప్పుడే పది పాసైంది. అన్నింటికంటే సోషల్‌లో ఎక్కువ వచ్చాయి. ఫలితాలు చెబుతూనే అడిగింది: “బాబాయ్, తుఫాన్లు ఒంగోలు దాకా వస్తాయి కదా, మా దగ్గరికి వచ్చేసరికి వానెందుకు తగ్గిపోతుంది?” నేను నోరు తెరిచేలోపు వాళ్ల నాన్న అందుకున్నాడు. “అవన్నీ తర్వాత. ముందు గ్రూపు సంగతి చెప్పన్నా. దీన్ని ఆ హిస్టరీ గ్రూపు హెచ్‌ఈసీలో వేయమంటావా ఏంది?”

ఆ పిల్ల నా మొహం వంకే చూస్తోంది. ఎంపీసీలోనే చేర్పించమన్నాను.