పశువైద్యులు పశువులనే చూడాలి: ఒక పౌరుడి విజ్ఞప్తి

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టలో ఈమధ్య నాకు ఒక ఇంగ్లీషు డిటెక్టివ్ సిరీస్ దొరికింది. పురికొసతో కట్టిన ఆరు పుస్తకాలు. ఆరింటిలోనూ డిటెక్టివ్ ఒకావిడే, వృత్తి పశువైద్యం. బేరమాడి తెచ్చుకుని పదిహేను రోజుల్లో అన్నీ చదివేశాను. అప్పట్నించి బాధ్యత గల పౌరుడిగా నాకు నిద్ర పట్టడం లేదు. ఈ జాడ్యం మన ఊరికి పాకకముందే ఎవరో ఒకరు నోరు విప్పాలి కాబట్టి విప్పుతున్నాను.

ముందు లెక్క చూద్దాం. ఆవిడ ఉండేది ఒక చిన్న పల్లెటూరు. ఒక చర్చి, ఒక టీ కొట్టు, ఈవిడ క్లినిక్కు. పుస్తకానికి కనీసం ఇద్దరు పోతారు. నాలుగో దాంట్లో అయితే ఐదుగురు. అయినా ఆ ఊళ్ళో ఒక్కడూ ఇల్లు ఖాళీ చెయ్యడు, అద్దెలు తగ్గవు. పొద్దున్నే కుక్కని తీసుకుని అదే పొదల వైపు వాకింగుకి పోతారు. ఆ పొదల్లో ఏం దొరుకుతుందో వాళ్ళకి ఐదు పుస్తకాల అనుభవం ఉంది మరి! మా అపార్ట్‌మెంట్లో లిఫ్ట్ వరసగా రెండుసార్లు ఆగిందని రెండు కుటుంబాలు మియాపూర్ వెళ్ళిపోయాయి.

రెండోది, తీరిక. మేం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని చదువుకుంటూ పెరిగిన తరం. యుగంధర్‌కి అదే ఉద్యోగం, అడ్డు లేదు. ఈవిడకి క్లినిక్ ఉంది. కానీ పేషంట్లేరీ? ఆరు పుస్తకాలు కలిపి ఒక ఆవుకి పురుడు, రెండు పిల్లులకి టీకాలు. మిగతా వేళంతా పక్కవాళ్ళ పెరట్లోకి కిటికీలోంచి తొంగిచూడటమే. ఈ సిరీస్ రాసేవాళ్ళని నారాయణగూడ పశువుల ఆసుపత్రి ముందు ఒక్క సోమవారం నిలబెట్టాలి. ఆటోలోంచి దిగే లాబ్రడార్, మోకాళ్ళ మధ్య ఇరికించుకుని స్కూటర్ మీద తెచ్చిన మేకపోతు, పంజరంలో అలిగిన చిలక. డాక్టరు చల్లారిన టీ తాగడానికే టైము చూసుకోవాలి. శవం దొరికితే టోకెన్ తీసుకుని కూర్చోమంటాడు.

అయితే న్యాయంగా మాట్లాడుకోవాలి. పశువైద్యులకి అపరాధ పరిశోధన చేతకాదని నేను అనడం లేదు. చేతనవును. అసలు భయం అదే.

షెర్లాక్ హోమ్స్ కథల్లో 'సిల్వర్ బ్లేజ్' అని ఒకటుంది, 1892 నాటిది. రేసుగుర్రం మాయమవుతుంది, దాన్ని చూసుకునే ట్రైనర్ తల పగిలి పడి ఉంటాడు. ఆ రాత్రి కుక్క మొరగలేదన్న సంగతి గురించి లోకమంతా చెప్పుకుంటుంది. గొర్రెల్ని ఎవరూ పట్టించుకోరు. ఆ పక్క దొడ్లో మూడు గొర్రెలు ఉన్నట్టుండి కుంటడం మొదలుపెట్టాయి. గుర్రం కాలి స్నాయువుకి (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడులాంటిది) పైకి కనపడనంత సన్నగా గాటు పెట్టి రేసులో ఓడిద్దామని ట్రైనరే ఎత్తు వేశాడు. చెయ్యి తిరగాలి కదా, ముందు గొర్రెల మీద సాధన చేశాడు. తీరా గుర్రం దగ్గరకి వెళ్తే అది తన్నింది, పోయాడు. (కథ చెప్పేశానని కోప్పడకండి, చదువుకోవడానికి మీకు నూట ముప్పై ఏళ్ళు టైమిచ్చారు.) దీనికి హోమ్స్ లండన్‌లో రైలెక్కి రావలసి వచ్చింది. మన రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ కుర్రాడైతే గొర్రె కాలు ఒకసారి తడిమి, మధ్యాహ్నం మెస్సు టైముకి హాస్టల్ చేరుకునేవాడు.

అదే కథలో కాపలా కుర్రాడికి నల్లమందు పెట్టింది మటన్ కూరలో. మసాలా ఘాటుకి నల్లమందు రుచి తెలియదు కాబట్టి, ఆ రాత్రి మటన్ కూర వండించగలిగిన వాడెవడో వాడే దొంగ అని హోమ్స్ తర్కం. ఇంగ్లండులో చెల్లింది. మలక్‌పేట రేసుకోర్సు పక్కన ఈ తర్కం పెడితే సాయంత్రానికి సగం మలక్‌పేటని అరెస్టు చెయ్యాలి.

సాక్ష్యాల సంగతికొస్తే మాత్రం మన డాక్టర్లకి ఎక్కడా లేని సౌకర్యాలున్నాయి. మన గేదె చెవికి పసుపు బిళ్ళ, దాని మీద పన్నెండంకెల నంబరు. మన ఆధార్‌కీ పన్నెండే. తేడా ఏమిటంటే గేదె దాన్ని మర్చిపోయి ఇంటికి రాదు. వీధికుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తే గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు. 2023 నాటి రూల్స్ ప్రకారం దాన్ని పట్టుకున్న చోటే వదలాలి. ఇన్నేళ్ళు అద్దె ఇళ్ళలో ఉన్నవాణ్ణి చెబుతున్నాను, ఈ నగరంలో అడ్రసు మారని సాక్షి అదొక్కటే. ఇక రోడ్ల మీద తిరిగే ఆవు పెద్దపొట్ట కోస్తే పాలిథిన్ సంచులు, మేకులు, తీగముక్కలు బయటపడతాయి. పోలీసుస్టేషన్‌లో పోయిన సాక్ష్యం ఉంటుందేమో గానీ ఆవు పొట్టలో పోయింది ఎక్కడికీ పోదు.

నిజంగా చెప్పుకోదగ్గ కేసు ఒకటుంది. దాన్ని తలుచుకుంటే మాత్రం నాకు వెటకారం రాదు. 1990ల్లో మన దేశంలో రాబందులు చచ్చిపోవడం మొదలైంది. ఒకటీ రెండూ కాదు, మూడు జాతులు నూటికి తొంభై ఐదుకి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. పురుగుమందన్నారు, ఏదో వైరస్ అన్నారు. కోసి చూస్తే మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర. 2004లో లిండ్సే ఓక్స్ అనే అమెరికన్ పశువైద్యుడి బృందం హంతకుణ్ణి పట్టుకుంది. పేరు డైక్లోఫెనాక్. ఒళ్ళు నొప్పులకి మనం మింగే మాత్రే. నొప్పితో ఉన్న పశువుకి పొడిచారు, పశువు చచ్చింది, కళేబరం తిన్న రాబందు దాని వెనకే పోయింది. 2006లో పశువులకి ఈ మందు వాడకూడదని నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు కొట్టాలకి చేరుతున్నాయని 2015లో ఇంజెక్షన్ సీసాని 3 మిల్లీలీటర్లకి కుదించారు. హత్యాయుధం డాక్టరు సంచిలోంచే వచ్చిందన్నమాట. నేను కొన్న ఆరు పుస్తకాల్లో డిటెక్టివ్ ఒక్కసారి కూడా తన సంచి వెతుక్కోలేదు.

ఇంత దూరం వచ్చాక, "మీకెందుకండీ ఇంత పట్టుదల" అని అడుగుతారు. ఇది కేవలం సిద్ధాంతం. సొంత కక్షలేమీ లేవు. ఉన్నా చిన్నది.

మా బంటీ ఐదు కిలోల పొమరేనియన్. ఒక బుధవారం పొద్దున సోఫా ఎక్కకుండా కిందే పడుకున్నాడు. ఒంటేలు పోస్తే డికాక్షన్ రంగు. నేనూ మా ఆవిడా కంగారుగా క్లినిక్‌కి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది.

"ఏం తిన్నాడు అంకుల్?"

"ఏం లేదమ్మా, పెరుగన్నం."

పెదవి పైకెత్తి చిగుళ్ళు చూసింది. పాలిపోయి ఉన్నాయి. చుక్క రక్తం తీసి మైక్రోస్కోప్ కింద చూసొచ్చింది.

"ఉల్లిపాయ తిన్నాడు అంకుల్. కుక్కలకి పడదు, రక్తకణాలు పగిలిపోతాయి. ఇవాళో నిన్నో తిన్నది కాదు, మూడు రోజులై ఉంటుంది. ఆదివారం ఇంట్లో ఏం వండారాంటీ?"

"ఆదివారం నేను లేనమ్మా. వనస్థలిపురంలో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఈయనకి షుగరూ కొలెస్ట్రాలూ అని పుల్కాలు, సొరకాయ పప్పు చేసిపెట్టి వెళ్ళాను."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఆరు పుస్తకాల్లోనూ చివరి అధ్యాయం ఇలాగే మొదలవుతుంది.

"సొరకాయ పప్పులో ఇంత ఉల్లిపాయ ఉండదంకుల్. బిర్యానీ సింగిలా, ఫ్యామిలీ ప్యాకా?"

నేను అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ అంటాను. పెరుగు చట్నీలో పెరుగు ఉంది, బిర్యానీలో అన్నం ఉంది. వాటితోపాటు వేయించిన ఉల్లిపాయలు, పక్కనిచ్చిన పచ్చి చక్రాలు కూడా ఉన్నాయి, అంతే. డబ్బాలు పక్క బ్లాకు చెత్తబుట్టలో వేశాను, కిటికీలు తీసి ఫ్యాన్లు తిప్పాను, అగరొత్తులు వెలిగించాను. ప్లేటులో మిగిలింది బంటీకి పెట్టాను, సాక్ష్యం మాయమైపోతుందని. ఆవు పొట్ట గురించి ఇందాక అంత వివరంగా రాసినవాడికి ఆ రోజు ఆ మాత్రం తట్టలేదు.

మా ఆవిడ బంటీని ఒళ్ళోకి తీసుకుని బయటికి వెళ్ళాక డాక్టరమ్మతో అన్నాను. "డాక్టరు పేషంట్ గుట్టు కాపాడాలి కదమ్మా?"

"నా పేషంట్ బంటీ అంకుల్."

అందుకే ప్రభుత్వాన్ని కోరుతున్నాను. పశువైద్యులు రోగం కనిపెట్టడంతో ఆగాలి, ఆదివారం దాకా వెనక్కి వెళ్ళకూడదు. వెళ్ళినా, కుటుంబసభ్యుల సమక్షంలో వెళ్ళకూడదు. దీన్ని ఏ చట్టంలో చేర్చాలో నిపుణులు చూసుకుంటారు.

వారం మందులు వాడాక బంటీ కోలుకున్నాడు. పక్క ఫ్లాట్లోకి బిర్యానీ వస్తే ఇప్పుడు తలుపు వైపు చూడడు, తిన్నగా మా ఆవిడ మొహంలోకి చూస్తాడు. వచ్చే శనివారం వాడికి టీకా ఉంది. నేను తీసుకెళ్తానంటే, "వద్దులెండి, నేనే వెళ్తా, డాక్టరమ్మతో కాస్త మాట్లాడాలి" అంది. అబిడ్స్ పుస్తకాల్లో మూడోది ప్రస్తుతం ఆవిడ చేతిలో ఉంది. పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదువుతోంది.