హ్యాండ్లర్‌ని పబ్లిక్ చేయమనే ఆ మెసేజ్ పంపడం ఆపండి

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్, మా పాత టీమ్ గ్రూపులో. "ఇంటర్‌ఫేస్ లోపల ఇంటర్‌ఫేస్, దాని లోపల ఈవెంట్ ఉంటే మాక్ చేయడం కుదరదు" అని మొదలవుతుంది, కింద ఐదు పాయింట్లు. (మాక్ అంటే టెస్ట్ కోసం అసలు ఆబ్జెక్ట్ బదులు పెట్టే నకిలీది. ఇంటర్‌ఫేస్ అంటే ఆబ్జెక్ట్ ఏమేం చేయగలదో చెప్పే జాబితా. ఈవెంట్ అంటే ఏదో జరిగిందని అది పంపే కబురు, ఆ కబురు అందుకుని పనిచేసే మెథడే హ్యాండ్లర్.) పంపినవాళ్లలో నా దగ్గర టెస్టులు రాయడం నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

మొదటిది, ప్రతి లెవెల్‌కీ విడిగా మాక్ రాసుకోవాలట. అక్కర్లేదు. డాట్‌నెట్‌లో మాక్‌లు తయారుచేసిపెట్టే మోక్ (Moq) లైబ్రరీ వాడితే, సెటప్‌లో డివైస్ డాట్ కనెక్షన్ డాట్ స్టేటస్ అని చివరిదాకా రాస్తే మధ్యలోవి అదే తయారుచేసుకుంటుంది. అలాంటిదే ఇంకో లైబ్రరీ ఎన్‌సబ్‌స్టిట్యూట్‌లో ప్రాపర్టీ ఇంటర్‌ఫేస్ అయితే అదీ చెప్పక్కర్లేదు.

మాక్‌ల వల్ల టెస్టులు నెమ్మదిస్తాయన్నది రెండోది. డేటాబేస్‌ని తాకే టెస్టులు పక్కన పెట్టి ఒకసారి నడిపి చూడండి, నెమ్మది ఎవరివల్లో తెలుస్తుంది.

నాకు ఒళ్లు మండింది మూడోదానికి. "ఈవెంట్‌ని టెస్ట్‌లోంచి రైజ్ చేయలేం, హ్యాండ్లర్‌ని పబ్లిక్ చేసి నేరుగా పిలవండి." రైజ్ అంటే ఈవెంట్ జరిగినట్టు కబురు పంపడం, పబ్లిక్ అంటే బయటి కోడ్ కూడా పిలవగలిగేలా తెరవడం. రైజ్ చేయలేమా? మోక్‌లో రైజ్ అనే మెథడే ఉంది! ఈవెంట్ పేరు, ప్లస్ ఈక్వల్స్ నల్ (+= null), పక్కన ఆర్గ్యుమెంట్లు. లోపలి లెవెల్ ఈవెంట్‌కీ అంతే, మోక్ క్విక్‌స్టార్ట్ పేజీలో ఉదాహరణతో సహా ఉంది. అది చదవకుండా కుదరదని ఎలా రాస్తారు?

ఆ సలహా పాటిస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. ఒక ప్రాజెక్టులో తూకం మెషీన్ కనెక్షన్ తెగితే స్క్రీన్ మీద ఎర్ర చుక్క రావాలి. హ్యాండ్లర్‌ని నేరుగా పిలిచే టెస్టులే రాశారు. ఎవరో కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్) సర్దుతూ, హ్యాండ్లర్‌ని ఈవెంట్‌కి తగిలించే, అంటే సబ్‌స్క్రైబ్ చేసే ఆ ఒక్క లైను ఎగరగొట్టారు. టెస్టులన్నీ పాసై పచ్చగానే ఉన్నాయి. కేబుల్ ఊడిపోయినా స్క్రీన్ మీద చుక్క కూడా పచ్చగానే ఉంది, ఆపరేటర్ మధ్యాహ్నం దాకా అదే పాత బరువు రాసుకుంటూ పోయాడు. తెగేది హ్యాండ్లర్ లోపల కాదండీ, దాన్ని తగిలించే చోట, మీరు టెస్ట్ చేయకుండా వదిలేసింది సరిగ్గా ఆ చోటునే. ఆబ్జెక్ట్ పని ముగిశాక పిలిచే డిస్పోజ్‌లో మైనస్ ఈక్వల్స్ (తగిలించినదాన్ని విప్పే లైను) మర్చిపోయినా అంతే, డిస్పోజ్ అయ్యాక మళ్లీ రైజ్ చేసి చూస్తేనే బయటపడుతుంది.

నాలుగోది మాక్ అనాలా స్టబ్ అనాలా అన్న పేర్ల గొడవ. ఏదైనా అనుకోండి.

ఐదోది మాత్రం ఒప్పుకుంటున్నాను: ఇన్ని లెవెళ్లు ఉన్నాయంటే డిజైన్‌లోనే తేడా ఉంది. 1987లో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో పుట్టిన లా ఆఫ్ డిమిటర్ అనే డిజైన్ సూత్రం చెప్పేదీ అదే, తెలిసినవాళ్లతోనే మాట్లాడు, వాళ్ల చుట్టాలతో నీకేం పని అని. ఆ స్క్రీన్‌కి కావలసింది కనెక్షన్ కాదు, అది తెగిందన్న కబురు. మెసేజ్‌లో లేనిది ఇంకోటి నేనే చెప్తాను. రీకనెక్ట్ అయినప్పుడు అసలు కోడ్ కొత్త కనెక్షన్ ఆబ్జెక్ట్ ఇస్తుంటే, మాక్ మాత్రం ప్రతిసారీ మొదటిదే ఇస్తుంది, పాతదానికే అతుక్కుపోయిన సబ్‌స్క్రిప్షన్ టెస్ట్‌కి దొరకదు. అలాంటి చోట నేను మాక్ వదిలేసి చిన్న ఫేక్ క్లాస్ చేత్తో రాసుకుంటాను, కనెక్షన్ మార్చే మెథడ్‌తో సహా.

మళ్లీ ఫార్వర్డ్ చేసేముందు మీ ప్రాజెక్టులో సబ్‌స్క్రైబ్ చేసే లైను ఒకటి కామెంట్ చేసి టెస్టులు నడపండి. ఒక్కటీ ఎర్రబడకపోతే నాకు ఫోన్ చేయండి, కూర్చుని రాద్దాం.