టొలేడోకు ఒంటిపూట చాలదు

స్పెయిన్ చూడబోయే తెలుగువారి మధ్య, ముఖ్యంగా ఐరోపాలో చదువుకుంటూనో ఉద్యోగం చేస్తూనో వారాంతాల్లో ఊళ్లు తిరిగే యువతలో, ఒక సలహా వాట్సాప్‌లో చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: టొలేడోకు ఒంటిపూట చాలు, మాడ్రిడ్ నుంచి రైల్లో అరగంటే, ఆదివారం వెళ్తే మ్యూజియాలు ఉచితం, కెథడ్రల్‌కు టికెట్టు దండగ, బయట నిలబడి ఫొటో తీసుకోండి, చిత్రకారుడు ఎల్ గ్రెకో నివసించిన ఇల్లు, ఒక సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) చూస్తే మూడు మతాలు కలిసిమెలిసి బతికిన ఊరిని చూసినట్టే, చీకటి పడ్డాక అక్కడేమీ ఉండదు, శాకాహారులకు తిండీ దొరకదు. ఇందులో కొన్ని నిజాలు కలిసి ఉండబట్టే ఇది ఇంతమందిని నమ్మించగలుగుతోంది. ఆ నిజాల నుంచి తీసిన నిర్ణయాలు మాత్రం దాదాపు అన్నీ తప్పు. శనివారం పొద్దున చేరుకుని, రాత్రి అక్కడే ఉండి, ఆదివారం సాయంత్రం తిరుగురైలు ఎక్కడమే ఈ ఊరికి తగిన ఏర్పాటు.

మొదట రైలు సంగతి. మాడ్రిడ్‌లోని ఆతోచా స్టేషన్ నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరాన్ని ఆవాంత్ రైలు అరగంట పైచిలుకులో దాటిస్తుందన్నది నిజమే. కానీ ఆ రైల్లో ప్రతి సీటుకూ రిజర్వేషన్ ఉంటుంది కనుక, శని ఆదివారాల్లో అప్పటికప్పుడు టికెట్టు కొనబోయినవారు సీటు మిగిలిన రైలుతో సరిపెట్టుకోవలసి వస్తుంది. అదీగాక రైలు దిగడమూ ఊళ్లోకి చేరడమూ ఒకటి కావు. పాత ఊరు మూడు వైపులా తాహో నది చుట్టిన కొండ మీద ఉంది, స్టేషన్ నదికి అవతల, దిగువన ఉంది. ఆల్కాంతారా వంతెన దాటి మెట్లూ ఎత్తులూ ఎక్కడమో, సిటీ బస్సు కోసం నిలబడడమో తప్పదు. ఊరికి ఉత్తరాన రెకారేదో వీధి దగ్గర కొండను తొలిచి 2000లో కట్టిన ఎస్కలేటర్లు ఉన్నా, అవి స్టేషన్ నుంచి వచ్చేవారి దారిలో పడవు. పైకి చేరాక వీధులన్నీ మెలికలే కాబట్టి మ్యాపులో కనిపించే దూరాన్ని బట్టి సమయం అంచనా వేయడం కుదరదు. ఇంతకీ 1919 నాటి ఆ స్టేషన్ భవనమే రంగు పలకలతో, చెక్క పనితనంతో ఆగి చూడదగ్గ కట్టడం. అరపూటలో ఊరంతా ముగించాలని పరుగెత్తేవారు మొదట పోగొట్టుకునేది దాన్నే.

కెథడ్రల్‌ను బయటి నుంచి చూస్తే చాలన్న మాట ఈ సలహా మొత్తంలో అన్నిటికన్నా నష్టం చేసేది. పూర్వం ప్రధాన మసీదు ఉన్న స్థలంలో 1226 ప్రాంతంలో మొదలై 1493లో ముగిసిన ఈ కట్టడాన్ని చుట్టూ ఇళ్లు ఎంతగా ఒరుసుకుని ఉన్నాయంటే, మునిసిపల్ భవనం ముందున్న చిన్న కూడలి తప్పిస్తే దాన్ని నిండుగా చూసే చోటు దగ్గరలో దొరకదు. దాని సంపదంతా లోపల ఉంది. గాయక మండలి ఆసనాల కింది వరుసలో రోద్రిగో అలెమాన్ అనే శిల్పి, స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యమైన గ్రనాడాతో జరిగిన యుద్ధాన్ని ఒక్కో పలక మీద ఒక్కో కోట చొప్పున చెక్కాడు. గ్రనాడా పడిపోయింది 1492 జనవరిలో. అతను పని మొదలుపెట్టింది అంతకు ముందే. అంటే ఆ కొయ్య మీద ఉన్నది పాత గాథ కాదు, ఆనాటి తాజా వార్త. పై వరుసలో ఒక వైపు అలోన్సో బెర్రుగెతే, ఎదురు వైపు ఫెలిపె బిగార్నీ చేసిన పని ఉంది. ఒకే గదిలో ఇద్దరు దిట్టల పనితనాన్ని పోల్చి చూసుకునే అవకాశం అరుదుగా దొరుకుతుంది.

ప్రధాన వేదిక వెనుక 1732లో నర్సిసో తోమే పూర్తిచేసిన ‘ట్రాన్స్‌పరెంతే’ అనే శిల్పాల వేదిక ఉంది. వెనుక నడవలో చీకటిగా ఉండే ఆ చోటికి ఎండ పడాలని అతను గోతిక్ కప్పునే కోయించి, ఆ రంధ్రం చుట్టూ దేవదూతలను, చిత్రాలను నింపాడు. ఇది అతి అనేవారున్నారు, నేను కాదనను. కానీ సూర్యుడు కదిలేకొద్దీ మారే ఆ వెలుగును ఫొటో చూపించలేదు. పూజాసామగ్రి గదిలో ఎల్ గ్రెకో 1577, 1579 మధ్య గీసిన ‘ఎల్ ఎస్పోలియో’ (క్రీస్తు వస్త్రాలను ఒలవడం) ఉంది. క్రీస్తు తలకన్నా గుంపులోని తలలు ఎత్తుగా ఉన్నాయని అభ్యంతరం చెప్పి, చర్చి వారు ధర మీద చిత్రకారుడితో గొడవపడ్డారు. ఆ చిత్రం ఏ కెథడ్రల్ కోసం గీశారో అందులోనే నేటికీ ఉంది. ఈ టికెట్టును దండగ అనేవారు మాడ్రిడ్ ప్రాదో మ్యూజియానికి డబ్బు కట్టి ఎందుకు వెళ్తున్నట్టో తెలియదు.

ఆదివారం ఉచితం అన్న మాటలో సగమే నిజం. ఎల్ గ్రెకో మ్యూజియం, ఎల్ ట్రాన్సితో సినగాగ్‌లోని సెఫార్దీ (స్పెయిన్ యూదుల) మ్యూజియం ప్రభుత్వానివి కాబట్టి ఆదివారం ప్రవేశం ఉచితమే, అయితే ఆ రోజు మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు, సోమవారం అసలు తెరవరు. కెథడ్రల్ దీనికి తలకిందులు: ఆదివారం ఉదయమంతా ఆరాధనలు జరుగుతాయి గనుక సందర్శకులను మధ్యాహ్నం రెండింటి తర్వాతే లోపలికి పంపుతారు. ఆదివారం పొద్దున వచ్చి భోజనాల వేళకు వెళ్లిపోయేవారికి ఊళ్లోని అతి ముఖ్యమైన కట్టడం తలుపు మూసే ఉంటుందన్నమాట. శనివారం మధ్యాహ్నం రెండు దాటాక కూడా ఆ రెండు మ్యూజియాలూ ఉచితమే అన్న సంగతి ఈ సలహాలో కనిపించదు. కాబట్టి శనివారం ఉదయం కెథడ్రల్, మధ్యాహ్నం ఆ మ్యూజియాలు పెట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, సమయమూ కలిసొస్తుంది. చేతికి కట్టుకునే పర్యాటక పట్టీ ఒకటి అమ్ముతారు. అది సాంతో తోమే చర్చి, సాంతా మరియా లా బ్లాంకా సినగాగ్, సాన్ హువాన్ దె లోస్ రేయెస్ మఠం మొదలైన ఏడు చోట్లకు చెల్లుతుంది, కెథడ్రల్‌కు చెల్లదు. నిజంగానే ఒక్క రోజుకు మించి లేనివారు కూడా ఆదివారం కాక శనివారాన్నే ఎంచుకోవడం మేలు.

‘ఎల్ గ్రెకో ఇల్లు’ అతని ఇల్లు కాదు. క్రీటు ద్వీపంలో పుట్టిన ఆ చిత్రకారుడు 1577లో ఇక్కడికి వచ్చి 1614లో చనిపోయేదాకా ఉన్నాడు, కానీ అతను అద్దెకున్న భవనాలు నేడు లేవు. వేగా-ఇంక్లాన్ మార్క్విస్ అనే ప్రభువు దగ్గరలోని పాత కట్టడాలను కొని బాగుచేయించి 1911లో మ్యూజియంగా తెరిచాడు. చిత్రాల కోసం అక్కడికి తప్పక వెళ్లవచ్చు, గదులను చూసి మురిసిపోనక్కరలేదు. అతని గొప్ప చిత్రం ‘ఓర్గాజ్ ప్రభువు ఖననం’ (1586–88) సాంతో తోమే చర్చిలో ఉంది. అక్కడి చోటు ఇరుకు, గైడ్ల వెంట వచ్చే గుంపులు పెద్దవి. తెరిచిన వెంటనే వెళ్లడం మంచిది.

మూడు మతాల సామరస్యం మాటకు వస్తే, క్రైస్తవ రాజు ఆరవ అల్ఫోన్సో 1085లో ఊరిని గెలుచుకున్న తర్వాత ముస్లింలు, యూదులు, క్రైస్తవులు చాలాకాలం పక్కపక్కనే ఉన్నారు, 12, 13 శతాబ్దాల్లో అరబ్బీ గ్రంథాలు ఇక్కడ లాటిన్‌లోకి, కాస్టిలియన్‌లోకి (నాటి స్పానిష్‌లోకి) వచ్చాయి. మన పంచతంత్రం కూడా అరబ్బీ రూపం మీదుగా 1251లో, ఆ అనువాదాలకు అండగా నిలిచిన పదవ అల్ఫోన్సో యువరాజుగా ఉన్న రోజుల్లోనే, కాస్టిలియన్‌లోకి చేరింది. అక్కడితో కథ ఆపితే ఊరికి అన్యాయం చేసినట్టే. 1391లో యూదుల వాడపై దాడులు జరిగాయి. 15వ శతాబ్దం ఆరంభంలో సాంతా మరియా లా బ్లాంకా సినగాగ్ చర్చిగా మారింది. 1449లో యూదు మూలాలున్న క్రైస్తవులకు పదవులు దక్కకుండా శాసనం చేసింది ఈ ఊరే. 1492లో యూదులను దేశం నుంచే వెళ్లగొట్టారు. ఎల్ ట్రాన్సితో గోడల మీద హీబ్రూ శాసనాలతో పాటు అరబ్బీ అక్షరాలూ ఉన్నాయి. దాన్ని కట్టించిన సామువేల్ హలేవీ రాజుకు కోశాధికారిగా ఉండి, చివరికి ఆ రాజు చెరలోనే చనిపోయాడు. సాన్ హువాన్ దె లోస్ రేయెస్ బయటి గోడకు వేలాడే గొలుసులు గ్రనాడా రాజ్యంలో బందీలైన క్రైస్తవులవి. 999లో మసీదుగా కట్టిన క్రిస్తో దె లా లూజ్‌ను, రెండు సినగాగ్‌లను, ఈ గొలుసులను ఒకే రోజు చూసినవారికి ఆ సామరస్యం ఎంతవరకు నిజమో ఎవరూ చెప్పనక్కరలేదు.

చీకటి పడ్డాక ఏమీ ఉండదన్నది సాయంత్రం బస్సుకు వెళ్లిపోయినవారి మాట. నదికి అవతలి గట్టున ఉన్న వాయె వ్యూపాయింట్ నుంచి దీపాలు వెలిగే వేళ ఊరంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. జులై, ఆగస్టుల్లో ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఆ నెలల్లో నడకకు అనువైన వేళ కూడా అదే.

తిండి విషయంలో కొంత ఒప్పుకోవాలి. ఊరి పేరున్న వంటలు పంది మాంసంతో చేసే కార్కమూసాస్, కౌజు జాతి పక్షి కూర. అయినా టమాటా, మిరప, సొరజాతి కాయలు మగ్గించిన పిస్తో, మాంచెగో జున్ను చాలా చోట్ల దొరుకుతాయి. పిస్తో మీద వేసే గుడ్డు వద్దని ముందే చెప్పాలి. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిదింటికి అన్నది అక్కడి అలవాటు. ఏడింటికే ఆకలయ్యే మనవారు ఏదో ఒకటి దగ్గర ఉంచుకోవడం నయం. మఠాల్లోని సన్యాసినులు కూడా అమ్మే మాజపాన్ మిఠాయి బాదం, పంచదారలతోనే చేస్తారు గాని, కాల్చే ముందు పైన గుడ్డుసొన పూయడం ఉంది కనుక, గుడ్డు ముట్టనివారు కొనేముందు అడిగి తెలుసుకోవాలి.